చివరిదాకా చదవని ఫ్లెక్సీ

చదివేవారికి ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి. ఏ ళ ఎక్కడ రాయాలో, ఏ శ ఎక్కడ రాయాలో నాకు ఇప్పటికీ తడబాటే. రాయడం కూడా నెమ్మది. ఈ కథకు ఇరవై రెండు రోజులు పట్టింది. అందులో ఆవు ఈనిన నాలుగు రోజులు తీసేయండి. అక్షరాలు నాకు యాభై ఆరేళ్ల వయసులో వచ్చాయి కాబట్టి తప్పులకు క్షమించండి. నెమ్మదికి మాత్రం సగం క్షమాపణే చెబుతాను. మిగతా సగం ఎందుకు చెప్పడం లేదో కథ చదివితే తెలుస్తుంది. మొదట "నేను, నేను" అనే రాశాను. నాలుగు పేజీలకే కోపం ఎక్కువై కాగితం చినిగింది. "ఎవరో పక్కింటామె సంగతి చెప్పినట్టు రాయండి" అని నాకు అక్షరాలు నేర్పిన వాణి టీచర్ సలహా ఇచ్చింది. కాబట్టి ఇక్కడి నుంచి నేను పూలమ్మను.

ఆ సోమవారం పొద్దున పూలమ్మ అనుకున్న పనులు చాలా చిన్నవి. రెండు ఆవుల పాలు పితకాలి. పాల కేంద్రంలో పోసి రావాలి. మనవరాలు సుష్మ చేత జర్మన్ పాఠం అప్పజెప్పించుకుని, ఆ పిల్లను తొమ్మిది గంటల మదనపల్లె బస్సు ఎక్కించాలి. అంతే.

సుష్మ పూలమ్మ కూతురి కూతురు. తల్లీ తండ్రీ రామకుప్పం దగ్గర రాగి చేను చూసుకుంటూ, ఏనుగులు రాకుండా కాపలా కాసుకుంటూ ఉంటారు. సుష్మ మాత్రం పుంగనూరులో అవ్వ దగ్గర ఉండి, మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నర్సుగా వెళ్లి వస్తుంది. జర్మనీలో నర్సు ఉద్యోగం చేయాలని ఆమె కోరిక. దానికి ఆ భాషలో చాలా మెట్లు ఎక్కాలి. మొట్టమొదటి మెట్టు పరీక్ష బెంగళూరులో జరుగుతుంది. నాలుగు నెలల కింద ఒకసారి రాసింది. వినడం, చదవడం, రాయడం బాగానే గడిచాయి. మాట్లాడే దగ్గరకు వచ్చేసరికి నోరు పెగల్లేదు. నూటికి అరవై రావాల్సిన చోట యాభై ఎనిమిది వచ్చాయి. ఈ శనివారం రెండోసారి.

మూడోసారి అనేది లేదు. ఆ తప్పు పూలమ్మదే. మొదటిసారి పోయినప్పుడు ఆమె మరిది దేవరాజులు ఇంటి మీదికి వచ్చి కేకలేశాడు. తన భార్య అన్న కొడుకు ధనుంజయకు సుష్మను ఇచ్చేయమన్నాడు. ఆయన నోరు మూయించడానికి పూలమ్మ, "ఇంకొక్కసారి రాయనీ అప్పా. ఈసారి పోతే నువ్వు చెప్పిన సంబంధమే సూద్దాం" అని మాట ఇచ్చేసింది. సుష్మ ఆ మాటను ఇంకా క్షమించలేదు. ఒప్పుకోవాలంటే పూలమ్మ కూడా క్షమించుకోలేదు.

"వీ హైసెన్ జీ?" అని పూలమ్మ పొదుగు కడుగుతూ అడిగింది. మీ పేరేమి అని అర్థం. ప్రశ్నలన్నీ సుష్మ తెలుగు అక్షరాల్లో చీటీల మీద రాసిచ్చింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పూలమ్మ అడుగుతుంది, సుష్మ జవాబు చెబుతుంది. అన్నిటిలోకీ పూలమ్మకు నచ్చిన మాట "లాంగ్‌జామ్, బిట్టె." మెల్లిగా చెప్పండి, దయచేసి అని. పరీక్షలో అర్థం కాకపోతే అలా అడగొచ్చని విన్నప్పుడు, "ఇంత మర్యాదైన పరీక్ష మన పక్క యాడా సూడలేదే" అని ఆశ్చర్యపోయింది.

"అవ్వా! పొట్టిది మళ్లీ చీటీ తినేస్తాండాది!" అని సుష్మ అరిచింది.

పొట్టిది అంటే చిన్న ఆవు. గడ్డి తప్ప అన్నీ ఇష్టంగా తింటుంది.

"ఏ చీటీ?"

"అంకెల చీటీ. ఇరవై నుంచి ముప్పై దాకా పోయినాయి."

"పందొమ్మిది దాకా మిగిలినాయి కదా. అవి సెప్పు."

అప్పుడే దేవరాజులు వచ్చాడు. ఆయన పాల సంఘంలో డైరెక్టరు. రోజూ ఆ వేళకు వదిన ఇంట్లో కాఫీ తాగి, ఒక సలహా ఇచ్చి వెళ్లడం ఆయన అలవాటు.

"ఇంకా సదువుతానే ఉండాదా పాప?" అన్నాడు గ్లాసు అందుకుంటూ. "సరే, రాయనీ. ఒకటి మాత్రం చెప్తా వదినా. పరీక్ష ఉండాదని ఎవురికీ చెప్పొద్దండి. మళ్లా పోతే నలుగురిలో నా తల యాడ పెట్టుకోల? గమ్మున పోయి గమ్మున రాండి."

ఆ "గమ్మున" అన్న మాట పూలమ్మకు పాతదే. ఏడేళ్ల కింద ఆమె పలక కొనుక్కున్నప్పుడు కూడా ఇదే మరిది, "ఈ వయసులో పలకేంది? కొంగు కింద పెట్టుకుని గమ్మున పో" అన్నాడు. ఆరోజు పూలమ్మ పలకను గుండెకు ఆనించి బజారంతా తిరిగి వెళ్లింది.

"గమ్మున పోయేదానికి దొంగతనానికి పోతాండామా?" అంది పూలమ్మ. పాలు పోసిన తర్వాత ఆమె ఇంటికి రాలేదు. నేరుగా బస్టాండు దగ్గర మురళీధర్ ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లింది.

పూలమ్మను చూడగానే మురళీధర్ ముఖం దిగులుగా పెట్టాడు. "ఎవురు పోయినారవ్వా?"

"ఎవురూ పోలేదు. నా మనవరాలు పరీక్షకు పోతాండాది. దానికి ఫ్లెక్సీ కట్టల."

"పరీక్షకు పోయేదానికా? వచ్చినాక కడతారు గానీ, పోయేదానికి ఎవురన్నా కడతారా?"

"నేను కడతాను. రాసుకో. జర్మన్ భాష పరీక్ష రాయబోతున్న మా సుష్మకు అవ్వ పూలమ్మ దీవెనలు. అంతే. సింహాలు, కిరీటాలు యేమీ వద్దు."

ఫ్లెక్సీ పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ కొత్తగా రాయరు. ఎవరికో చేసిన పాతది తెరిచి, పేరూ ఫొటో మారుస్తారు. మురళీధర్ అలాగే చేసి, కంప్యూటరును పూలమ్మ వైపు తిప్పాడు. "సదువుకో అవ్వా. నువ్వు సరే అంటే అచ్చుకు పోతాది."

పూలమ్మ వేలు పెట్టి చదవసాగింది. "పుం... గ... నూ... రు... ము... ద్దు... బి... డ్డ..." బాగుంది అనుకుంది. "కు... మా... రి... సు... ష్మ... కు..." అది ఇంకా బాగుంది. పక్కన ఆసుపత్రి బట్టల్లో సుష్మ ఫొటో నవ్వుతోంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. ఆ కిందిది తెరలో పట్టలేదు.

"అవ్వా, అయిదు నిమిషాల్లో కరెంటు పోతాది. ఇప్పుడు అచ్చు కాకపోతే గురువారమే. నువ్వు చెప్పిందే ఏసినా."

లాంగ్‌జామ్, బిట్టె అని అప్పుడే అనుండాల్సింది. అనలేదు. "సరేప్పా" అంది.

మర్నాడు పాల కేంద్రం దగ్గర ఆడవాళ్లు చుట్టుముట్టారు. "ఏమ్మా పూలమ్మా, పాప పాసైందంట! ఒక్క మాట చెప్పలేదే! మిఠాయి యాడ?"

పూలమ్మ బిందె అక్కడే వదిలి బస్టాండుకు నడిచింది. రెండు స్తంభాల మధ్య ఫ్లెక్సీ గాలికి ఊగుతోంది. ఈసారి మూడో వరుస నుంచి మొదలుపెట్టింది. ఆమె చదువుతుండగా కుప్పం బస్సు వచ్చి వెళ్లింది, తర్వాత మదనపల్లె బస్సు వచ్చి వెళ్లింది. రెండు వరుసలూ కలిపితే ఇలా ఉంది.

"జర్మన్ భాషలో ఘన విజయం సాధించి మన ఊరి కీర్తిని ఖండాంతరాలకు చాటిన సందర్భంగా హార్దిక శుభాకాంక్షలు."

ఆ కింద ఏడుగురు మగవాళ్లు చేతులు జోడించి వరుసగా నిలబడ్డారు. అందరికంటే ముందు, అందరికంటే పెద్దగా దేవరాజులు. ఆయన ఫోను నంబరు కూడా ఉంది.

మురళీధర్ తల గోక్కున్నాడు. "ఆ ఏడుగురూ ఆ పక్క కట్టే అన్ని ఫ్లెక్సీల్లోనూ ఉంటారవ్వా. పాత దాంట్లోనే ఉండారు, నేను ముట్టుకోలేదు. దించుదామంటే, కట్టినోడు నిచ్చెన తీసుకుని వాల్మీకిపురం పోయినాడు పెండ్లికి. రెండు రోజులు ఓపిక పట్టు."

పూలమ్మ ఓపిక పట్టలేదు. ఇంటికి వెళ్లి, ఆవులకు ఆకు కోసే దోటి తెచ్చింది. పొడవాటి వెదురు గెడ, దాని చివర కొడవలి. తాడుకు కొడవలి తగిలించేలోపు దేవరాజులు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మెడలో ఎవరో వేసిన దండ ఉంది.

"వదినా! దించొద్దు! పొద్దుట్నుంచి నాకు పదైదు ఫోన్లు వచ్చినాయి!"

"నిన్న గమ్మునుండమన్నది నువ్వే కదప్పా?"

"అది పోతే. పాసైనాక యాల గమ్మునుండల?"

"పాస్ కాలేదు దేవరాజులూ. ఇంకా రాయనేలేదు!"

దేవరాజులు ఒకసారి పైకి చూశాడు, ఒకసారి వదినను చూశాడు. "ఫ్లెక్సీలో ఉండాది కదా!" అన్నాడు. దోటి లాక్కుని తన మోటారుసైకిలుకు కట్టుకుని వెళ్లిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం సుష్మ ఫోను చేసింది. ఫ్లెక్సీ ఫొటో ఫోన్లలో తిరిగి ఆసుపత్రికి చేరింది. పరీక్ష అయిపోయిందని, పైగా పాసైందని తెలిసిన తర్వాత శనివారం సెలవెందుకని హెడ్ నర్సు సుమలత ఆ సెలవును వేరే ఆమెకు ఇచ్చేసింది.

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా అవ్వా. మరి ఊరంతా చూసిన ఫ్లెక్సీ అబద్ధమా అంటాండాది. అంతా నీ వల్లే!"

"నా వల్లే. అందుకే నేనే వస్తాండాను."

మదనపల్లె ఆసుపత్రిలో రోగులు వరుసలో కూర్చుని ఉండగా, పూలమ్మ నేరుగా హెడ్ నర్సు బల్ల ముందు నిలబడింది.

"అమ్మా, ఆ ఫ్లెక్సీ కట్టించింది నేను. అది అబద్ధం. సగమే సదివి సరే అన్నాను. నాకు సదువు లేటుగా వచ్చింది, అందుకని సగంలో నిలిచిపోయినాను. నువ్వు పెద్ద సదువు సదివినావు. పిల్ల రాసిచ్చిన లీవు చీటీ సివరిదాకా సదివినావా?"

సుమలత చీటీ బయటికి తీసింది. చివరి వరుసలో పరీక్ష తేదీ, సమయం, ఊరు అన్నీ ఉన్నాయి.

"పైన రెండు లైన్లే చూసి సంతకం పెడతామమ్మా. ఎన్నని చదివేది?" అంది.

"నేనూ రెండు లైన్లే సూసినా తల్లీ. ఇద్దరమూ ఒకటే కళాసు."

వరుసలో కూర్చున్న ఒక ముసలాయన దగ్గుతూనే నవ్వాడు. సెలవు తిరిగి వచ్చింది. సుమలత శుక్రవారం కూడా కలిపి ఇచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున ఇంటి ముందు తెల్ల కారు ఆగింది. అందులోంచి దేవరాజులు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూలమ్మ దోటి.

సంగతేమిటంటే, కుప్పంలో చంద్రశేఖర్ అనే ఆయనకు గ్రానైటు ఫ్యాక్టరీ ఉంది. రాళ్లకు మెరుగుపెట్టే విదేశీ యంత్రం ఎనిమిది రోజులుగా ఆగిపోయింది. దాన్ని బాగుచేయడానికి జర్మనీ నుంచి ఒక మెకానిక్కు వచ్చాడట. ఆయన మాట ఎవరికీ అర్థం కావడం లేదు. ఫ్లెక్సీ మీద నంబరు చూసి చంద్రశేఖర్ ఫోను చేస్తే, దేవరాజులు "మా పాప ఆ భాషలో పండితురాలు, నేనే పిలుచుకొస్తా" అని మాట ఇచ్చేశాడు.

"నేను రాను తాతా," అంది సుష్మ. "నాకు పేరు చెప్పడం, ఊరు చెప్పడం, దుకాణంలో పండ్లు అడగడం వచ్చు. యంత్రాలు రావు."

"ఆడ ఒక మనిషితో మాట్లాడలేనిదానివి రేపు పరీక్షలో యేం మాట్లాడతావు? ఈ రోజే తేలిపోనీ. నోరు పెగల్లేదంటే ఆడ నుంచే ఇంటికి. మీ అవ్వ మాట ఉండనే ఉండాది."

పూలమ్మ ఏదో అనబోయింది. సుష్మ చెయ్యి అడ్డం పెట్టింది. సంచిలోంచి హాల్ టికెట్టు తీసి చిన్నతాత ముక్కుకు దగ్గరగా పట్టుకుంది.

"కారు ఎక్కుతాను. ఎందుకంటే కుప్పం నుంచి బెంగళూరుకు రైలు దగ్గర. ఆడ నోరు పెగిలినా పెగలకపోయినా రేపు పరీక్షకు పోతాను. అవ్వ మాట మీరూ అవ్వా చూసుకోండి. నేనేమీ మాట ఇవ్వలేదు."

పూలమ్మ నాలుగు నెలల తర్వాత మొదటిసారి మనవరాలి ముఖం తిన్నగా చూసింది. "నడుమ్మా," అంది. పక్కింటామెకు ఆవులను అప్పగించి, తానూ కారెక్కింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర దండలు పట్టుకుని నలభై మంది ఉన్నారు. బండలను తెల్ల దుమ్ము కప్పేసి ఉంది. ఒక బండ మీద ఆ మెకానిక్కు తల పట్టుకుని కూర్చున్నాడు. పెద్ద మనిషి. తెల్ల మీసం, ఎండకు కమిలిన ముఖం.

"రామ్మా, రా," అని చంద్రశేఖర్ ఎదురొచ్చాడు. "మాకు అంతో ఇంతో ఇంగిలీసు వచ్చు, ఆయనకు అదీ రాదు. ఆయన చెప్తాడు, మేము తల ఊపుతాము. మేము తల ఊపితే ఆయన తల పట్టుకుంటాడు. మొన్న బెంగళూరు నుంచి ఒక జర్మన్ మాస్టర్ని పిలిపిస్తిమి. మాస్టరు గడగడా మాట్లాడినాడు. ఆయన ఇంకా బెదిరిపోయినాడు. ఆదివారం విమానం ఎక్కేస్తాడంట. సోమవారం మా సరుకు పోవాల."

దేవరాజులు అందరికంటే ముందున్న కుర్చీలో కూర్చున్నాడు. పూలమ్మ వెనక ఒక బండ అంచున కూర్చుంది. సుష్మ ఆ పెద్దాయన ముందు నిలబడింది. నలభై మంది చుట్టూ చేరారు. సుష్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. నాలుగు నెలల కింద బెంగళూరులో ఇలాగే అయింది.

"ఏమ్మే, పండితురాలా?" అన్నాడు దేవరాజులు నెమ్మదిగా.

ఆ మాటకు సుష్మకు రోషం వచ్చింది. రోషం వస్తే ఆమెకు వేగం వస్తుంది. మొదటి పాఠం మొత్తం ఒక్క గుక్కలో కక్కేసింది. పేరు, దేశం, ఊరు, ఉద్యోగం, తనకు వంట ఇష్టమని కూడా.

పెద్దాయన రెండు చేతులూ పైకెత్తాడు. "లాంగ్‌జామ్!" అన్నాడు వేడుకుంటున్నట్టు. "లాంగ్‌జామ్, బిట్టె!"

వెనక నుంచి పూలమ్మ పకపకా నవ్వింది. ఆమెకు బాగా వచ్చిన ఒకే ఒక మాట. "మెల్లిగా సెప్పమంటాండాడమ్మే! మన మాటే! మెల్లిగా సెప్పు!"

సుష్మ ఊపిరి పీల్చుకుంది. ఒక్కొక్క మాట, పూలమ్మ అక్షరాలు కూడబలుక్కున్నట్టు చెప్పింది. పెద్దాయన ముఖం విప్పారింది. ఆయనా అంతే నెమ్మదిగా చెప్పాడు. పేరు బ్రూనో. సుష్మ పాఠంలో రెండో ప్రశ్న వేసింది. మీది ఏ దేశం?

"ఇటాలియెన్" అన్నాడు బ్రూనో.

సుష్మ వెనక్కి తిరిగింది. "సార్, ఈయన జర్మనీ ఆయన కాదు. ఇటలీ ఆయన."

"యంత్రం మీద జర్మనీ అని ఉండాది కదమ్మా?" అన్నాడు చంద్రశేఖర్. తర్వాత తెలిసింది, అది ఒక్క మోటారు మీదే ఉంది. ఆయన వచ్చినప్పటి నుంచి ఏ దేశమని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఇటలీ జర్మనీలో లేదా?" అన్నాడు దేవరాజులు.

బ్రూనో వయసులో ఉన్నప్పుడు రెండేళ్లు జర్మనీలో రాళ్ల పని చేశాడట. అప్పుడు నేర్చుకున్న నాలుగు ముక్కలే ఆయన జర్మన్. సుష్మది కూడా నాలుగు ముక్కలే. అదృష్టం ఏమిటంటే, ఆ నాలుగూ ఈ నాలుగూ ఒకటే. గడగడా మాట్లాడిన మాస్టరు దగ్గర అర్థం కానిది ఇక్కడ అర్థం కాసాగింది. నీళ్లు. నీళ్లు మంచివి కావు. రాతి బురద లోపలికి పోతోంది. కొత్తది కావాలి, మూడు కావాలి. బ్రూనో ఒక గొట్టం విప్పి చూపించాడు. నీళ్లు వడగట్టే జల్లెడ బురదతో గోడలా గట్టిపడి ఉంది.

"అంతేనా? యంత్రం బాగానే ఉండాదా?" అన్నాడు చంద్రశేఖర్.

"బాగానే ఉందంట సార్. కొత్త జల్లెడలు యంత్రంతో పాటే పెట్టెలో పంపినారంట."

స్టోరులోంచి పెట్టె తెచ్చారు. లోపల వస్తువుల పట్టీ ఉంది. అందులో పద్నాలుగు వరుసలు. స్టోరు చూసే శ్రీరాములు తొమ్మిదో వరుస దాకా టిక్కులు పెట్టాడు. జల్లెడలు పన్నెండో వరుసలో ఉన్నాయి, పెట్టె అడుగున గడ్డి కింద.

పూలమ్మ ఆ పట్టీ చూసి తల ఊపింది. "ఈయప్ప కూడా మన కళాసే," అంది.

మూడు గంటలకు యంత్రం తిరిగింది. నల్ల రాయి అద్దంలా బయటికి వచ్చింది. చంద్రశేఖర్ శాలువా తెచ్చాడు. సుష్మ వేయించుకోలేదు.

"సార్, ముందు ఒక మాట. ఆ ఫ్లెక్సీ తప్పు. నేను పాస్ కాలేదు. ఒకసారి ఫెయిలైనాను. రేపు రెండోసారి రాస్తాండాను."

దేవరాజులు కుర్చీలో దగ్గాడు. చంద్రశేఖర్ శాలువా మడత విప్పాడు. "రాయకముందే మిషను తిరిగింది. రాసినాక యేం తిరగతాదో," అని ఆయన శాలువా కప్పేశాడు.

పరీక్ష అన్న మాట చెప్పగానే బ్రూనో సుష్మను బండ మీద కూర్చోబెట్టాడు. సాయంత్రం దాకా ప్రశ్నలు వేశాడు. నీ పేరు అక్షరాలు ఒక్కొక్కటిగా చెప్పు. ఫోను నంబరు చెప్పు. పొద్దున యేం తింటావు? పొట్టిది తిన్న ఇరవై నుంచి ముప్పై దాకా అంకెలు కూడా మళ్లీ చెప్పించాడు. చివర్లో రెండు వేళ్లు చూపించి ఏదో అన్నాడు. సుష్మ చాలాసేపు నవ్వింది.

"యేమంటాడు?" అంది పూలమ్మ.

"ఆయనా ఈ పరీక్షే రాసినాడంట అవ్వా. రెండుసార్లు పోయిందంట."

ఆ రాత్రి కుప్పంలోనే ఉండి, మర్నాడు పొద్దున రైల్లో వెళ్లారు. బెంగళూరులో పరీక్ష జరిగే చోట ఎదురుగా ఎళనీరు అమ్మే కొబ్బరిబొండాల బండి పక్కన పూలమ్మ నాలుగు గంటలు కూర్చుంది. సుష్మ బయటికి వచ్చేసరికి ముఖం చెమటతో మెరుస్తోంది.

"భయమేసిందా?"

"వేసింది. ఒక ప్రశ్న అర్థం కాలేదు. లాంగ్‌జామ్, బిట్టె అన్నాను. ఆమె నవ్వి మెల్లిగా అడిగింది. చెప్పినాను."

పూలమ్మ ఎళనీరు సగం తాగి మనవరాలికి ఇచ్చింది. "నాలుగు నెలల కింద నేనిచ్చిన మాట," అంది. "పాసైనా ఫెయిలైనా ఆ మాట నేను వెనక్కి తీసుకుంటాండాను. మరిది ఏమన్నా అనుకోనీ."

"లేటుగా చెప్పినావు అవ్వా."

"నాకు అన్నీ లేటే కదమ్మా."

పుంగనూరుకు వచ్చాక పూలమ్మ మొదట చేసిన పని ఫ్లెక్సీ దించడం. నిచ్చెన పెండ్లి నుంచి వచ్చింది, దోటీ చేతిలోనే ఉంది. దించినదాన్ని వాన నీళ్లు కారకుండా ఆవుల కొట్టం మీద కప్పింది. ఊళ్లో అందరికీ సంగతి తానే చెప్పింది. నవ్వినవాళ్లు నవ్వారు. దేవరాజులు పద్దెనిమిది రోజులు కాఫీకి రాలేదు.

పంతొమ్మిదో రోజు ఫలితం వచ్చింది. డెబ్బై తొమ్మిది.

"సివరిదాకా సదివినావా?" అంది పూలమ్మ.

"చదివినా అవ్వా."

"ఇంకొకసారి సదువు."

సుష్మ ఇంకొకసారి చదివింది. డెబ్బై తొమ్మిదే. తర్వాతి మెట్టు తరగతులకు పేరు ఇవ్వడానికి ఆ సాయంత్రమే వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే ఇటు దేవరాజులు వచ్చాడు. వెంట మురళీధర్, మురళీధర్ ఫోనులో కొత్త ఫ్లెక్సీ.

"ఈసారి నిజం ఫ్లెక్సీ వదినా. త్వరగా సరే అను, అయిదు నిమిషాల్లో కరెంటు పోతాది."

"లాంగ్‌జామ్, బిట్టె" అంది పూలమ్మ. కళ్లజోడు పెట్టుకుంది. మొదటి వరుస చదివింది. రెండో వరుస చదివింది. కాఫీలు చల్లారాయి. కరెంటు పోయింది. ఆరో వరుసలో, అన్నిటికంటే కింద ఇలా ఉంది: "ఈ విజయానికి మొదటి నుంచీ కృషి చేసి వెన్నుతట్టిన శ్రీ దేవరాజులు గారికి పుర ప్రజల కృతజ్ఞతలు." ఆయన ఫొటో సుష్మ ఫొటో కంటే పెద్దది.

పూలమ్మ ఫోను తిరిగి ఇచ్చేసింది. "కొత్తది యాల అప్పా? పాతదే ఉండాది కదా. అప్పుడు అబద్ధం, ఇప్పుడు నిజం. ఒక్క అక్షరం మార్చే పని లేదు. పోయి కట్టు."

మురళీధర్ కొట్టం మీది ఫ్లెక్సీ కిందికి లాగి పరిచాడు. సుష్మ నవ్వు, పుంగనూరు ముద్దుబిడ్డ, ఘన విజయం అన్నీ చెక్కుచెదరలేదు. చేతులు జోడించిన ఏడుగురిలో ఆరుగురు ఉన్నారు. మొదటి మనిషి ఉండాల్సిన చోట చదరంగా ఒక కంత.

"పొట్టిది తినేసింది," అంది పూలమ్మ. "దానికి చీటీలంటే ఇష్టం."

మురళీధర్ కంత అంచు వేలితో తడిమి చూశాడు. "అవ్వా, ఇది ఆవు కొరికినట్టు లేదే. కొడవలితో కోసినట్టు ఉండాదే."

"మా ఆవు పద్ధతిగా తింటాది," అంది పూలమ్మ.

ఇట్లు,
పూలమ్మ
వయసు అరవై మూడు
ఇప్పుడు ఉండేది పుంగనూరులోనే, పాల కేంద్రం వెనక వీధి, రెండు ఆవులు కట్టేసిన ఇల్లు